650 పదాల గిరిలో పదిహేడేళ్ల గొంతు

అమెరికాలో డిగ్రీ చదువుకు దరఖాస్తు చేసే విద్యార్థి మార్కుల పట్టికతోనూ ఉపాధ్యాయుల సిఫారసు లేఖలతోనూ పాటు తనను గురించి తానే రాసి జతచేసే చిన్న రచనకు పర్సనల్ ఎస్సే అని పేరు. దీన్ని తెలుగులో స్వీయ వ్యాసం అనవచ్చు గాని ఆత్మకథతో కలిపి చూడరాదు. ఆత్మకథ కుండెడన్నమూ వడ్డిస్తుంది, ఇది ఒక్క మెతుకు పట్టి చూడమంటుంది. వెయ్యికి పైగా విద్యాసంస్థలు ఉమ్మడిగా వాడుకునే కామన్ అప్లికేషన్ అనే దరఖాస్తులో దీని నిడివి 250 పదాలకు తగ్గకూడదు, 650కి మించకూడదు. ప్రాంప్టులని పిలిచే ఏడు ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి, వాటిలో చివరిది ఇష్టమైన విషయం మీద రాసుకొమ్మని వదిలేస్తుంది. ఇంత ఇరుకు జాగాలో పదిహేడేళ్ల పిల్లలు చూపగల నేర్పు ఏ చేయి తిరిగిన రచయితకైనా ఈర్ష్య కలిగించేదే అయినా, సాహిత్య విమర్శ దీన్ని దరఖాస్తు కాగితంగానే చూసి పక్కన పెట్టడం అన్యాయం.

పుట్టుక మాత్రం గొప్పగా చెప్పుకోదగింది కాదు. 1920లలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలు పరీక్షల్లో నెగ్గి వస్తున్న యూదు విద్యార్థుల సంఖ్యను తగ్గించడానికే మార్కులతో పాటు వ్యక్తిత్వాన్నీ తూచే పద్ధతి తెచ్చాయని సామాజిక శాస్త్రవేత్త జెరోమ్ కారబెల్ 2005లో వెలువరించిన ‘ది చోజెన్’ అనే గ్రంథంలో విస్తారంగా చూపాడు. ఆ తరువాత 1975లో 15 కళాశాలలు కలిసి కామన్ అప్లికేషన్ అనే ఆ ఉమ్మడి దరఖాస్తు మొదలుపెట్టాయి. బురదలోంచి వచ్చిందని తామరను ఎవరూ పారవేయరు గనుక ఈ చరిత్రను ఇక్కడితో వదిలి పనితనంలోకి వెళ్లడమే మేలు.

ఈ విద్యలో అసలు నేర్పు రాయడంలో లేదు, వెతకడంలో ఉంది. ఆ వెతుకులాటనే బ్రెయిన్‌స్టార్మింగ్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్ని మేధోమథనం అన్నాయి. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అలెక్స్ ఆస్‌బర్న్ వాణిజ్య ప్రకటనల రంగానికి చెందినవాడు, ఆయన ఉద్దేశించింది పదిమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని తోచిందల్లా చెప్పుకోవడం. స్వీయ వ్యాసానికి వచ్చేసరికి ఆ పదిమందీ ఒక్క తలలోనే ఉంటారు, వారిలో తొందరపడి తీర్పు చెప్పేవాడి నోరు ముందుగా మూయించాలి. అందుకు పీటర్ ఎల్బో 1973లో ‘రైటింగ్ వితౌట్ టీచర్స్’ అనే పుస్తకంలో చూపిన దారి ఇప్పటికీ సాటిలేనిది. పది నిమిషాలు గడియారం పెట్టుకుని, కలం ఆపకుండా, తప్పులు దిద్దకుండా, ఏమీ తోచకపోతే ఏమీ తోచడం లేదనే రాస్తూ పోవడమే ఫ్రీరైటింగ్ అనే ఆ పద్ధతి. ఊహ పుట్టించే పనీ, పుట్టినదాన్ని దిద్దే పనీ ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయని, ఒకదాని తరువాత ఒకటి చేస్తే రెండూ బాగుపడతాయని ఎల్బో గ్రహించాడు. రచనా బోధకురాలు గాబ్రియెల్ రికో 1983లో దీనికి బొమ్మ రూపం ఇచ్చింది: కాగితం మధ్యలో ఒక మాట రాసి, చుట్టూ సున్న చుట్టి, దానినుంచి తోచిన మాటలన్నిటినీ కొమ్మలుగా సాగదీయడమే క్లస్టరింగ్. నేటి తరంలో ఈ విద్యకు పెద్ద దిక్కుగా పేరొందిన ఈథన్ సాయర్ చేయించే సాధన మరొకటి ఉంది. ఒక పెట్టెను ఊహించుకుని, తన బతుకులో అర్థమున్న వస్తువులను ఇరవై దాకా అందులో పేర్చి, ఒక్కొక్క వస్తువు వెనుక ఏ జ్ఞాపకం, ఏ విలువ ఉన్నాయో పక్కన రాసుకొమ్మంటాడు. చూడటానికి పిల్లల ఆటలా ఉండే ఈ పనిలోంచి, ‘నాయకత్వం’, ‘పట్టుదల’ వంటి ఎండు మాటలు ఎన్ని రాసినా బయటపడని మనిషి బయటపడతాడు.

ఈ సాధనల ఫలితం ఎలా ఉంటుందో న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో పెరిగిన ఒక తెలుగు కుర్రవాణ్ణి ఊహించుకుంటే తేలికగా తెలుస్తుంది. అమ్మమ్మ అనే మాట మధ్యలో పెట్టుకుని మొదలుపెట్టినవాడికి మొదటి రెండు నిమిషాల్లో ఆవకాయ, పట్టుచీర, వేసవి సెలవులు వస్తాయి. అవి అందరికీ వచ్చేవే. కలం ఆపకుండా ఉంటే ఆరో నిమిషంలోనో ఏడో నిమిషంలోనో ఆదివారం ఫోన్‌లో ఆమెను ‘మీరు’ అనాలో ‘నువ్వు’ అనాలో తెలియక, రెండూ రాకుండా వాక్యాలు మలుచుకున్న అవస్థ గుర్తుకు రావచ్చు. తాతయ్యను ‘నువ్వు’ అన్నందుకు అమ్మ కళ్లతోనే గదమాయించడం, అమ్మమ్మ మాత్రం ‘మీరు’ అంటే పరాయిదాన్ని చేశావని నొచ్చుకోవడం, ఇంగ్లీషులోని ఒకే ఒక్క ‘యూ’ ఈ తగవునంతా ఎలా దాచేస్తుందో వాడు గమనించడం, ఆ గమనింపే వాణ్ణి బడిలో భాషాశాస్త్రం వైపు లాగడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వ్యాసం అక్కడ ఉంది. ఆవకాయ దగ్గర ఆగినవాడికి అది దొరకదు.

దొరికిన సరుకును పేర్చడంలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి కథనం: ఒక కష్టం వచ్చింది, ఎదుర్కొన్నాను, మారాను అనే వరుస. రెండోది మాంటేజ్, అంటే సినిమాలో విడివిడి దృశ్యాలను పక్కపక్కన అతికి కొత్త అర్థం పుట్టించినట్టుగా, చిన్న చిన్న సంగతులను ఒకే దారానికి గుచ్చడం. నిజంగా పెద్ద కష్టం పడినవారికి మొదటిది సహజమే. మిగిలినవారందరికీ రెండోదే తగినదని, దాన్ని కాదని మొదటిదాన్ని నెత్తికెత్తుకున్నందువల్లే లేని కష్టాలు పుట్టించే దుస్థితి దాపురించిందని నిస్సంకోచంగా చెప్పవచ్చు. బ్రౌన్, కొలంబియా విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాల అధికారిగా పనిచేసిన హ్యారీ బాల్డ్ 1987లోనే తన పుస్తకంలో అరిగిపోయిన వ్యాసాలను జాతులుగా విడదీసి ఎగతాళి చేశాడు. ఆటలో గెలుపు, విహారయాత్ర, పెంపుడు జంతువు మరణం వాటిలో ఉన్నాయి. ఆ ఎగతాళి చదివినవారికి చిన్న సంగతి విలువ తెలిసివస్తుంది.

చిన్న సంగతి ఎంత దూరం పోగలదో 2016లో డెలవేర్ రాష్ట్రానికి చెందిన ఒక విద్యార్థిని రుజువు చేసింది. కాస్ట్‌కో అనే టోకు సరుకుల దుకాణంలో చిన్నతనం నుంచి తిరుగుతూ తనలో పెరిగిన కుతూహలం గురించి ఆమె రాసిన వ్యాసం, ఐవీ లీగ్ అని పిలిచే పేరున్న పాత విశ్వవిద్యాలయాల్లో అయిదింటితో పాటు స్టాన్‌ఫోర్డ్‌లోనూ సీటు వచ్చిన వార్తతో కలిసి దేశమంతా తిరిగింది. కిరాణా కొట్టు నడవల్లోంచి ఒక బుద్ధి పెరిగిన తీరు చూపడం మామూలు సాహసం కాదు. దానికన్నా పాత ఘనత హ్యూ గాలగర్‌ది: దరఖాస్తుల్లోని గొప్పలను వెక్కిరిస్తూ, తాను చేయని వీరకార్యం లేదని వరుసపెట్టి కోతలు కోసి, చివరికి కాలేజీకి మాత్రం ఇంకా వెళ్లలేదని ముగించిన ఆయన రచనను 1990లో హార్పర్స్ పత్రిక అచ్చువేసింది. అది చూసే న్యూయార్క్ యూనివర్సిటీ సీటిచ్చిందనే కథ పుట్టింది గాని, అది విద్యార్థుల రచనల పోటీకి రాసింది. ఆయన ఆ విశ్వవిద్యాలయంలో చదివిన మాట మాత్రం నిజం. న్యూయార్క్ టైమ్స్‌లో రాన్ లీబర్ 2013 నుంచి డబ్బు, పని, వర్గం అనే అంశాలపై రాసిన ప్రవేశ వ్యాసాలను ఏరి ప్రచురించడం ఈ ప్రక్రియకు జరిగిన పెద్ద ఉపకారం.

కొన్ని విద్యాసంస్థలు ఈ 650 పదాల వ్యాసానికి అదనంగా అడిగే చిన్న వ్యాసాలను సప్లిమెంట్లంటారు. స్టాన్‌ఫోర్డ్ హాస్టల్ గదిలో తోడుండబోయేవారికి ఒక ఉత్తరం రాయమంటుంది; కామన్ అప్లికేషన్ వాడని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన సొంత దరఖాస్తులో ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి తలా 350 పదాలకు మించకుండా జవాబులు కోరుతుంది; షికాగో విశ్వవిద్యాలయం ఒకసారి ఎక్స్‌ను కనుక్కొమ్మని మాత్రమే అడిగి ఊరుకుంది.

ఇక చెక్కే పని. మొదటి చిత్తుప్రతి వెయ్యి పదాలు దాటడం మామూలు, దాటడమే మంచిది కూడా. నిపుణులు ముందుగా కత్తి వేసేది మొదటి పేరా మీద. చాలాసార్లు అది వేడెక్కడానికి చేసిన దండీలు, బస్కీలు మాత్రమే, అసలు వ్యాసం రెండో పేరాలో మొదలవుతుంది. ఆ తరువాత విశేషణాలు, ఆ తరువాత నిఘంటువులోంచి కొత్తగా దిగిన పెద్ద మాటలు పోవాలి. విద్యార్థులు గురువును మెప్పించడానికి రాసే ప్రాణం లేని భాషకు రచనా బోధకుడు కెన్ మెక్రోరీ ‘ఎంగ్‌ఫిష్’ అని పేరు పెట్టాడు, చేపకంపు తగలాలనే కాబోలు. బిగ్గరగా చదివినప్పుడు నాలుక తడబడిన చోటల్లా ఆ కంపు ఉన్నట్టే.

ఇంత సున్నితమైన విద్య నేడు ఎవరి చేతుల్లో పడింది? అమెరికా బడుల్లో చదువుల విషయంలో సలహా ఇచ్చే ఒక కౌన్సిలర్‌కు 250 మంది విద్యార్థులు మించరాదని అక్కడి కౌన్సిలర్ల సంఘమే చెబుతున్నా, అది మించిన బడులే ఎక్కువ; ఆ ఖాళీలోకి వేల డాలర్లు తీసుకునే ప్రైవేటు సలహాదారులు దిగారు. వారిలో మంచి గురువులు లేరని కాదు. కాని సాగు చేయించవలసినవాడే పంట కోసి ఇచ్చే అలవాటు ముదిరి, పిల్లవాడి వాక్యం మీద నలభై ఏళ్ల మనిషి వాక్యం ఎక్కి కూర్చుంటోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చిన 60,000 దరఖాస్తుల్లోని వ్యాసాలను పరిశీలించిన స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, వ్యాసంలోని విషయానికి కుటుంబ ఆదాయంతో ఉన్న సంబంధం శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరుకు ఉన్నదానికంటే బలమైనదని 2021లో చూపారు. ఇందువల్ల వ్యాసాన్నే తీసేయాలనేవారున్నారు. కల్తీ నెయ్యి అమ్ముతున్నారని ఆవును అమ్ముకోమనడం లాంటి వాదమది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కల్తీ చవకయింది కూడా. డ్యూక్ విశ్వవిద్యాలయం 2024లో వ్యాసాలకు అంకెల్లో మార్కులు వేయడమే మానుకుంది. విచిత్రమేమిటంటే, జాతిని బట్టి ప్రవేశాలిచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు 2023 జూన్ 29న కొట్టివేసినప్పుడు, తన జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి స్వయంగా రాసుకుంటే దాన్ని పరిగణించవచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పులో పేర్కొన్నాడు. అంటే వ్యాసం మీద బరువు పెరిగిన కాలంలోనే దాని మీద నమ్మకమూ సడలింది.

తెలుగువారికి ఇందులో వేరే పాపం ఉంది. హైదరాబాద్‌లో పీజీ చదువుల కోసం రాయించే ఎస్‌ఓపీ, అంటే చదువు ఉద్దేశాన్ని తెలిపే పత్రం, వేరే జాతి రచన. చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఆసక్తి అని మొదలయ్యే ఒకే మూసను పేర్లు మార్చి అమ్మే కన్సల్టెన్సీలకు స్వీయ వ్యాసమూ అలాంటి సరుకుగానే కనబడుతోంది. అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో దోషం మరో రకం. రెండు సూట్‌కేసులతో విమానం దిగిన తండ్రి కష్టం నిజంగా గొప్పదే కావచ్చు, కాని ఆ కథను పిల్ల చేత రాయిస్తే దరఖాస్తు తండ్రిదవుతుంది. పిల్ల ఎక్కడా కనబడదు. కూచిపూడి రంగప్రవేశం గురించి రాసే పిల్లలు పళ్లెం అంచు మీద నిలబడిన వైభవమే రాస్తారు గాని, అరికాలి కింద ఆ ఇత్తడి అంచు ఎక్కడ కోసుకుంటుందో రాయనివ్వరు పెద్దలు, పరువు తక్కువని.

కామన్ అప్లికేషన్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు దరఖాస్తులకు చాలా చోట్ల నవంబరు 1 గడువు. జూన్, జూలై నెలల్లో ఆ పది నిమిషాల రాతలకు ఒక నోటుపుస్తకం కొనిచ్చి, దాన్ని తెరిచి చూడకుండా ఉండగలిగితే తల్లిదండ్రులు చేయవలసిన సాయంలో సగం చేసినట్టే. మిగిలిన సగం, పిల్లలు వచ్చి అమ్మమ్మ ఊళ్లో బావి ఏ వైపున ఉండేదని అడిగినప్పుడు బావి సంగతి మాత్రమే చెప్పి ఊరుకోవడం.