మూడో నెల లెక్క

మూడు నెలల బిడ్డ. చూడ్డానికి బొద్దుగానే ఉంటుంది. ఆ బొద్దుతనంలో కొంత వాపేనని అనుభవమున్న డాక్టరు మాత్రమే పట్టగలడు. తల్లిపాలు తాగుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి పాలు కక్కుతుంది, ఊరికే చిరాకు పడుతుంది, ఏడుపు బొంగురుపోతుంది. ఆ తర్వాత నోరు తెరిచి ఏడుస్తుంటే గొంతే రాదు. గుండె నీరసించి గంటల మీద ప్రాణం పోతుంది. తల్లికి పైకి కనిపించే జబ్బేమీ ఉండదు. గుచ్చిగుచ్చి అడిగితే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటుంది. శిశువులకొచ్చే బెరిబెరి ఇది. తల్లి తిండిలో థయమిన్, అంటే బి1 విటమిన్, కొరవడితే ఆమె పాలలోనూ కొరవడుతుంది. సమయానికి థయమిన్ ఇంజెక్షన్ పడితే చావు దగ్గరికి వెళ్ళిన బిడ్డ కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది.

మద్రాసు రాజధాని రోజుల్లో పల్లెలో చావుపుట్టుకలు రాసేది గ్రామ మునసబు. ఇలాంటి చావుకు ఆయన ఏం రాస్తాడు? జ్వరమనో, ఫిట్స్ అనో రాసి ఊరుకుంటాడు. బెరిబెరి అన్న మాట ఆ రిజిస్టరులోకి రాదు. రాని మాటను ఆ రిజిస్టర్ల లెక్కల నుంచే బయటికి లాగిన ఇద్దరు పరిశోధకుల పనిని పరిచయం చేయడానికే ఈ వ్యాసం. 1941లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయిన ఆ పత్రం మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాల గురించి. రాసినవారు డబ్ల్యు.ఆర్. ఐక్రాయిడ్, బి.జి. కృష్ణన్.

బెరిబెరి ప్రాంతమంటే మన కోస్తాయే, అప్పటి ఉత్తర సర్కారులు. గుంటూరు అందులో ఒకటి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు భూములు మాగాణులయ్యాయి. వరి పండింది, ఆ వెనకే రైసుమిల్లులు వచ్చాయి. రోట్లో దంచుకునే బియ్యం పోయి మరపట్టిన తెల్లబియ్యం వచ్చింది. తవుడు గేదెల దాణాలోకి పోయింది. ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. తమిళ జిల్లాల్లోనూ మిల్లులొచ్చాయి, అక్కడి పేదలూ మూడు పూటలా అన్నమే తిన్నారు. బెరిబెరి మాత్రం తెలుగు కోస్తాను పట్టుకుని కూర్చుంది. ఎందుకు?

జవాబు వడ్ల దగ్గర ఉంది. తమిళ జిల్లాల్లో ఎక్కువమంది తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టి ఆడిస్తారు. ఆవిరి పట్టేటప్పుడు తవుడు పొరలోని థయమిన్ గింజ లోపలికి దిగుతుంది. తర్వాత మిల్లులో ఎంత తెల్లగా ఆడించినా లోపలికి దిగింది చాలావరకు మిగులుతుంది. మనవాళ్ళు తిన్నది పచ్చి బియ్యం. దాని థయమిన్ చాలావరకు పైపొరలోనే ఉండి తవుడుతో పాటే ఊడిపోతుంది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి. 100 గ్రాముల దంపుడు పచ్చి బియ్యంలో బి1 0.21 మిల్లీగ్రాములు, అదే బియ్యం మరపడితే 0.06. మరపట్టిన ఉప్పుడు బియ్యంలో మళ్ళీ 0.21. తవుడులో 2.7. ఇంతకంటే పొదుపుగా రాసిన కోస్తా చరిత్ర నేను చదవలేదు.

ఈ ప్రశ్నతో ఒక సంస్థే పుట్టింది. 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి విచారణ విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఐక్రాయిడ్ 1935లో కూనూరు బాధ్యత తీసుకున్నాడు. అంతకుముందే ఉత్తర అట్లాంటిక్‌లోని న్యూఫౌండ్‌లాండ్‌లో తెల్లపిండి తిని బతికే జాలర్ల కుటుంబాల్లో బెరిబెరిని చూసి వచ్చినవాడు. 1940లో కృష్ణన్, మరిద్దరితో కలిసి భారతదేశపు బియ్యం సమస్య మీద ఒక పెద్ద నివేదిక రాశాడు. వడ్లు మిల్లుకు వెళ్ళిన దగ్గర్నుంచి అన్నం పళ్ళెంలోకి వచ్చేదాకా విటమిన్ ఎక్కడెక్కడ పోతుందో వెంటబడి చూసిన పని అది. బియ్యం కడిగినప్పుడు కొంత, ఎసట్లో ఉడికించి వార్చినప్పుడు కొంత పోతుంది. మూడు నీళ్ళు పోసి తేటగా వచ్చేదాకా కడిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, గంజి వార్చి పారబోసే ఇంట్లో ఆ 0.06లో మిగిలేదెంత? శుభ్రంగా వండే ఇల్లాలి చేతిలోనే విటమిన్ జారిపోతోందని చెప్పడానికి ప్రయోగశాల పరికరం ఒక్కటే చాలదు, వంటింటి తీరు కూడా తెలియాలి.

ఇక 1941 పత్రం. సంవత్సరం లోపు చావులన్నీ ఒకే మూటగా లెక్కించడం అప్పటి అలవాటు. అలా చూస్తే కోస్తా జిల్లాల సంగతి బయటపడదు. ఐక్రాయిడ్, కృష్ణన్ ఆ మూట విప్పి, చనిపోయిన బిడ్డ వయసును నెలల వారీగా విడదీశారు. మామూలుగా పుట్టిన మొదటి నెలలో చావులు అన్నిటికంటే ఎక్కువ. ఆ గండం దాటాక నెలనెలా తగ్గుతూ పోవాలి. బెరిబెరి లేని జిల్లాల లెక్క అలాగే దిగింది. సర్కారు జిల్లాల లెక్క దిగలేదు. రెండో నెల నుంచి అయిదో నెల దాకా ఉండాల్సిన దానికంటే ఎక్కువ చావులు కనిపించాయి. సరిగ్గా శిశువుల బెరిబెరి వచ్చే వయసు అదే. పుట్టుకతో వచ్చిన నిల్వ అప్పటికి అడుగంటుతుంది, ఒళ్ళు వేగంగా పెరుగుతుంటుంది, పాలు తప్ప మరో తిండి మొదలై ఉండదు.

ఇందులోని పనితనాన్ని నెమ్మదిగా చూడాలి. రిజిస్టర్లు నమ్మదగ్గవి కావన్న ఆక్షేపణ ఎవరైనా చేయగలరు. కొన్ని చావులు రాయరు, వయసు ఉజ్జాయింపుగా వేస్తారు. కానీ రెండు చోట్లా రాసింది గ్రామాధికారులే, తప్పులూ రెండు చోట్లా ఒకలాంటివే. ఆ తప్పులు ఒక్క కోస్తాలోనే, అదీ రెండు నుంచి అయిదో నెల మధ్యనే పోగుపడడానికి కారణం లేదు. మలేరియా బిడ్డ నెలలు లెక్కపెట్టుకుని రాదు. విరేచనాలు బిడ్డకు పైతిండి మొదలయ్యాక ఎక్కువవుతాయి. మునసబు రాసిన జబ్బు పేరును వదిలేసి, అతను తప్పు రాసే అవకాశం తక్కువగా ఉన్న వయసును పట్టుకోవడం గొప్ప ఎంపిక. తల్లి అన్నం కుండలోని లోటు మూడు నెలల బిడ్డ వయసు గడిలో కనబడింది. ఒక్క తల్లి పాలూ పరీక్షించకుండా, చేతిలో ఉన్న పాత కాగితాలతోనే ఇంత దూరం వెళ్ళారు.

ఆ పత్రం పరిమితీ అక్కడే. పాలలో థయమిన్ ఎంతుందో, తల్లికి ఎంత ఇస్తే పాలలోకి ఎంత దిగుతుందో రిజిస్టరు చెప్పలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ సజీవమే. తెల్లబియ్యమే ప్రధానంగా తినే కంబోడియాలో ఈమధ్యే 335 మంది బాలింతలను నాలుగు జట్లుగా చేసి, ప్రసవమైన రెండో వారం నుంచి 24వ వారం దాకా రోజుకో మాత్ర ఇచ్చి పాలు పరీక్షించారు. ఒక జట్టు మాత్రలో థయమిన్ లేదు, మిగతా మూడింటిలో 1.2, 2.4, 10 మిల్లీగ్రాములు. కూనూరు వాళ్ళు వదిలిన చోటునుంచి ఎత్తుకున్నట్టే ఉంటుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. థయమిన్‌ను 1936లో కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ ఆర్. విలియమ్స్ 1886లో పుట్టింది నెల్లూరులో, అమెరికన్ మిషనరీల ఇంట. మనీలాలో యువకుడిగా పనిచేస్తున్నప్పుడు తవుడు నుంచి తీసిన సారంతో బెరిబెరి బిడ్డలు బతకడం చూసి, పాతికేళ్ళ పైచిలుకు ఆ ఒక్క పదార్థం వెంటే నడిచాడు.

కూనూరు సంస్థ హైదరాబాదుకు వచ్చాక చేసిన పనుల్లో ఆ 1941 పత్రం పక్కన పెట్టదగ్గది మరొకటి ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు దగ్గరి 29 గ్రామాల్లో, పదిహేనింట గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా పద్నాలుగు ఊళ్ళకు ఆ తిండి పెట్టే అంగన్‌వాడీ పథకం అప్పటికింకా చేరలేదు. పుట్టిన బిడ్డల బరువు తూచి అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. పదిహేనేళ్ళ తర్వాత అవే ఊళ్ళకు తిరిగి వెళ్ళి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళ వయసుకొచ్చిన 1,165 మందిని వెతికి పట్టుకున్నారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్ వాళ్ళ ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. రక్తపోటులో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఆ మాటా దాచకుండా రాశారు. ఆ ఊళ్ళలో తిండితో పాటు టీకాలు, రక్తహీనతకు మందులు కూడా అందాయి కాబట్టి ఫలితం మొత్తాన్నీ ఉప్మా ఖాతాలో వేయలేం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ పత్రంతో పని ముగియలేదు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ పేరుతో అవే ఊళ్ళలో ఆ పిల్లలతో పాటు వాళ్ళ తోబుట్టువులనూ, నాడు ఆ ఉప్మా తిన్న తల్లులనూ, తండ్రులనూ కూడా పరీక్షించారు.