చింగుడు దేన్ని బుర్మించాడు?

ముందుగా మీకో చిన్న పరీక్ష. ఈ రెండు వాక్యాలు చదవండి. ‘నిన్న పొద్దున చింగుడు డొప్పరం మీది గిలకూరును బుర్మించాడు. అది చూసి తింబెలన్నీ లొడికాయి.’ ఇప్పుడు జవాబులు చెప్పండి. చింగుడు దేన్ని బుర్మించాడు? గిలకూరును. ఆ గిలకూరు ఎక్కడుంది? డొప్పరం మీద. తింబెలు ఎందుకు లొడికాయి? చింగుడు గిలకూరును బుర్మించడం చూసి. మూడుకి మూడు మార్కులూ మీవే. చింగుడెవరో, గిలకూరు తినేదో తొడుక్కునేదో మీకు తెలియదు. నాకూ తెలియదు, ఇప్పుడే పుట్టించాను.

డిగ్రీ ఇంగ్లిష్ పేపర్లో ‘కాంప్రహెన్షన్ ప్యాసేజి’ కింద మనం అడిగే ప్రశ్నలు చాలావరకు ఈ బాపతే. ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజిలో ఎక్కడుందో వెతుక్కుని ఆ వాక్యం దించేస్తే పని అయిపోతుంది. వాల్యుయేషన్‌లో కూర్చున్నవాళ్లెవరినైనా అడగండి. ప్యాసేజి జవాబులు ఒక్క తప్పు లేకుండా ఉంటాయి. పక్క పేజీలో సొంతంగా రాయాల్సిన లెటరు దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యమూ నిలబడదు. అయినా దించిన జవాబుకి మార్కు వేయక తప్పదు. ‘కీ’లో ఉన్నదీ ఆ వాక్యమే కదా.

కాలేజీ పిల్లల సంగతి వేరే వాళ్లు రాస్తారు. నేను ఆదివారాలు దూరవిద్య డిగ్రీ వాళ్లకి ఇంగ్లిష్ చెప్తాను, అప్పుడప్పుడూ పేపర్లు తయారు చేస్తాను. కాబట్టి నా గొడవంతా పెద్దవాళ్ల గురించే. ఈ పెద్దవాళ్ల చదువు మన దగ్గర నిన్న మొన్న మొదలైంది కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉంది. దాని మొదటి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డినే 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు అక్కడా మొదటి వైస్ చాన్సలర్‌గా పిలిపించుకున్నారు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకి తలుపు తెరవడం ఎలాగో ఇక్కడివాళ్లు అంత ముందే ఆలోచించారు. తలుపు తీశాక లోపల ఏం కొలవాలన్న దగ్గరే మనం ఇంకా తడుముకుంటున్నాం.

నా క్లాసులో ముందు బెంచీలో అంగన్‌వాడీ టీచరమ్మ ఉంటుంది, వెనక బెంచీలో నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన హోంగార్డు ఉంటాడు. మధ్యలో పెళ్లితో చదువాగి, కూతురు ఇంటర్‌కి వచ్చాక మళ్లీ పుస్తకం పట్టిన ఆవిడ. ప్రమోషన్‌కి డిగ్రీ అడ్డమైన ఆఫీస్ సబార్డినేట్. ఎల్ఐసీ ఏజెంట్ ఒకరైనా లేని బ్యాచ్ నాకు గుర్తు లేదు. వీళ్లలో చాలామంది నా దగ్గరికి తెచ్చే ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలోది కాదు. ‘సార్, బ్యాంకు నుంచి ఈ కాగితం వచ్చింది, ఏమంటున్నారో చూడండి’ అంటారు. ‘ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో ఈ లైను ఏంటండీ’ అంటారు. అదే మనిషి పరీక్షలో షెల్లీ గురించిన ప్యాసేజికి జవాబులు దించేసి పాసైపోతాడు. బ్యాంకు కాగితం మాత్రం మళ్లీ నా దగ్గరికే వస్తుంది.

కాబట్టి ప్యాసేజి నేనే రాసుకుంటాను. ఒకటి మీకు చూపిస్తాను. ఒక బీమా కంపెనీ పాలసీ షరతులు, తేలిక ఇంగ్లిష్‌లో, అరపేజీ. ప్రీమియం గడువు దాటినా కట్టుకోవడానికి కొన్నాళ్లు గ్రేస్ పీరియడ్ ఇస్తారు. ఆ రోజుల్లో పాలసీదారు చనిపోతే బాకీ ఉన్న ప్రీమియం మినహాయించుకుని మిగతా సొమ్ము నామినీకి ఇస్తారు. గ్రేస్ దాటితే పాలసీ ల్యాప్స్. దీని మీద ‘గ్రేస్ పీరియడ్ ఎన్ని రోజులు?’ అని అడిగితే అది చింగుడి ప్రశ్నే. నేనడిగేది వేరు. రాములు నెలనెలా కట్టే పాలసీ తీసుకున్నాడు. జూన్ 1న కట్టాల్సింది కట్టలేదు. జూన్ 14న చనిపోయాడు. భార్యకి డబ్బు వస్తుందా, రాదా? ఏ వాక్యాన్ని బట్టి చెప్తున్నారు? ప్యాసేజిలో రాములూ లేడు, జూనూ లేదు. దించడానికి ఏమీ దొరకదు.

ఇక్కడో చిక్కుంది. మా ఏజెంట్లకి ప్యాసేజి చదవకుండానే జవాబు తెలుసు. ఎల్ఐసీ పాలసీల్లో నెలవారీ ప్రీమియానికి గ్రేస్ 15 రోజులు, ఏడాదికీ ఆర్నెల్లకీ మూణ్ణెల్లకీ కట్టేవాటికి 30 రోజులు. వాళ్లకది నోటికి వచ్చు. అందుకని నా ప్యాసేజిలో కంపెనీ కల్పితం, నెలవారీ గ్రేస్ 10 రోజులే. ఇప్పుడు అలవాటు కొద్దీ ‘వస్తుంది’ అని రాసిన ఏజెంటు దొరికిపోతాడు. కాగితం మీద పదే ఉంది. ఇది అన్యాయం, తెలిసినవాణ్ని ఉచ్చులో పడేస్తున్నావని ఒక మిత్రుడు నాతో పేచీ పెట్టుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. మనకి ముందే తెలిసిన విషయానికీ కాగితం మీదున్న విషయానికీ తేడా ఉన్నప్పుడు కాగితాన్ని పట్టుకోగలగడమే చదవడం. ఆ తేడా పట్టుకోలేకే జనం సంతకాలు పెట్టి మోసపోతున్నారు. ప్యాసేజి తయారయ్యాక నేను చేసే మరో పని, ప్యాసేజి దాచేసి ఉత్త ప్రశ్నలు ఇంట్లోవాళ్లకి ఇవ్వడం. ప్యాసేజి లేకుండా జవాబు చెప్పేశారంటే ఆ ప్రశ్న చెత్తబుట్టకే.

గ్రామర్ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ జబ్బు అందరికీ తెలిసిందే. సంవత్సరం కనిపిస్తే ‘సిన్స్’, ఎన్నేళ్లో చెప్తే ‘ఫర్’ అని ప్రతి గైడులోనూ ఉంటుంది. ఆ బిట్టు తప్పేవాళ్లు దాదాపు ఉండరు. అదే మనిషి ట్రాన్స్‌ఫర్ కోసం దరఖాస్తు రాసుకున్నప్పుడు మొదటి వాక్యం ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’. బిట్టు వేరు, దరఖాస్తు వేరు. డ్రైవింగ్ లైసెన్సుకి బండి నడిపించకుండా బండి భాగాల పేర్లు అప్పగించుకున్నట్టుంది మన గ్రామర్ పరీక్ష.

బహుళైచ్ఛిక ప్రశ్నలంటే నాకు కోపమేమీ లేదు. 1915 ప్రాంతాల్లో అమెరికాలోని కేన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ పిల్లల చదివే శక్తి కొలవడానికి ఈ పద్ధతి తెచ్చాడు. వేలమంది పేపర్లు త్వరగా, దిద్దేవాళ్ల ఇష్టాయిష్టాలతో పని లేకుండా దిద్దాలంటే అంతకన్నా మంచి మార్గం ఇప్పటికీ లేదు. నా కోపం తప్పుడు ఆప్షన్ల మీద. ఒక్క సరైన జవాబు రాసి, మిగతా మూడూ ఎవరూ నమ్మనివి పడేస్తారు. లేకపోతే సరైన జవాబు మిగతావాటికన్నా పొడుగ్గా ఉండి దూరం నుంచే కనిపిస్తుంది. తప్పులు పుట్టించనక్కర్లేదు, విద్యార్థుల పాత జవాబు పత్రాల్లోంచి ఏరుకోవాలి. మన తెలుగువాళ్లు ‘గురించి చర్చించాం’ అనే అలవాటుతో ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాస్తారు. నా దగ్గర అది ఒక ఆప్షన్‌గా తప్పక ఉంటుంది. ‘మ్యారీడ్ విత్’ ఇంకోటి. ‘ది’ పెట్టాల్సిన చోట వదిలేసిన వాక్యం మరోటి. ఇవి మన నాలుక మీద ఉన్న తప్పులు కాబట్టి, వీటిని దాటినవాడు నిజంగా దాటినట్టే.

వకాబులరీ సంగతి కొంచెం లోతుగా చూడాలి. అర్థాలు, వ్యతిరేకార్థాలు జత చేయమంటే జాబితా బట్టీ పట్టినవాడు గెలుస్తాడు. కానీ చదివేటప్పుడు మాట ఒంటరిగా రాదు. చిట్టీలు వేసే ఆవిడకి ‘ఇంట్రెస్ట్’ అంటే వడ్డీ. ప్యాసేజిలో పిల్లకి లెక్కల మీద ‘ఇంట్రెస్ట్’ ఉందని వస్తే ఆవిడ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం తెలివి తక్కువతనం కాదు. ఆవిడకి ఆ మాట నా కన్నా బాగా తెలుసు, రెండో ముఖమే తెలియదు. పెద్దవాళ్ల వకాబులరీ ఇలా ఒక్కో చోట చాలా లోతుగా, ఒక్కో చోట ఎండిపోయి ఉంటుంది. నర్సుకి తెలిసిన ఇంగ్లిష్ మాటలు నాకు తెలియవు. స్కూలు పిల్లల కోసం తయారైన మాటల జాబితాతో వాళ్లని కొలిస్తే ఆ లోతు లెక్కకే రాదు.

ఇందుకు నాకు నచ్చిన పరికరం క్లోజ్ టెస్ట్, అంటే ఖాళీలు పూరించేది. 1953లో విల్సన్ టేలర్ దీన్ని తయారుచేసింది భాషా పరీక్ష కోసం కాదు. రాసింది పాఠకుడికి ఎంత తేలిగ్గా ఎక్కుతుందో కొలవడానికి వరసగా ప్రతి ఐదో మాటా తీసేసి, పాఠకుడు ఎన్ని పూరించగలడో చూశాడు. నేను అలా లెక్క పెట్టి తీయను. మొదటి రెండు వాక్యాలూ ముట్టుకోను. ఆ తర్వాత ఎక్కువగా వాక్యాలని కలిపే మాటలే తీస్తాను. ‘హవెవర్’, ‘అన్‌లెస్’, ‘దేర్‌ఫోర్’ లాంటివి. ‘వానలు బాగా పడ్డాయి. ఖాళీ. చెరువు నిండలేదు.’ ఆ ఖాళీలో ‘అయినా’ పడాలంటే రెండు వాక్యాలూ అర్థం కావాలి. గైడు ఇక్కడ పనికిరాదు. దిద్దేటప్పుడు మాత్రం నరకం. నేను తీసిన మాటే రాయాలా, అర్థం కుదిరిన ఏ మాటైనా ఒప్పుకోవాలా? ఒప్పుకోవాలనే నేనంటాను. అలాగైతే దిద్దే నలుగురూ ముందు కూర్చుని ఒప్పుకునే మాటల జాబితా రాసుకోవాలి. ఆ గంట ఎవరూ ఇవ్వరు.

ప్యాసేజిలో కొత్త మాటలు ఎన్ని ఉండొచ్చు అన్నదానికీ ఒక లెక్క ఉంది. నూటికి 98 మాటలు తెలిసి ఉంటేనే సాయం లేకుండా సాఫీగా అర్థమవుతుందని హు, పాల్ నేషన్ 2000లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. అంటే మూడు వందల మాటల ప్యాసేజిలో తెలియనివి ఆరు. ఆ లెక్కన మన పేపర్లలో పెద్దవాళ్లకిచ్చే ప్యాసేజి ఒకసారి చూడండి, ఆరు మాటలు మొదటి పేరాలోనే అయిపోతాయి. అలాంటప్పుడు డిక్షనరీ తెచ్చుకోనివ్వాలి. కాపీ కొడతారని భయమా? డిక్షనరీలో రాములు భార్యకి డబ్బు వస్తుందో రాదో ఉండదు.

ఇక నా మీద అక్షింతలు పడే విషయానికొస్తాను. చదివి అర్థం చేసుకున్నారా లేదా అన్నదే కొలవాలనుకుంటే, ప్యాసేజి ఇంగ్లిష్‌లో ఉంచి ప్రశ్నలు తెలుగులో అడగొచ్చు, జవాబు తెలుగులో రాయనివ్వొచ్చు. ఈ మాట సమావేశంలో అంటే ‘ఇంగ్లిష్ పేపర్లో తెలుగా!’ అంటారు. ఆలోచించండి. ప్రశ్న అర్థం కాక తప్పినవాడికి, ప్యాసేజి అర్థమై ఇంగ్లిష్‌లో రాయలేక తప్పినవాడికి, అసలేమీ అర్థం కానివాడికి ముగ్గురికీ ఒకే సున్నా వేస్తున్నాం. ఆ సున్నా దేనికో మనకే తెలియదు. 1984లో ఎలానా షోహమీ ఇజ్రాయెల్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, ప్యాసేజి ఇంగ్లిష్‌దే అయినా ప్రశ్నలు సొంత భాషలో ఇస్తే మార్కులు పెరిగాయి. సులువైపోయింది కాబట్టి తప్పు అనొచ్చు. నేనైతే అడ్డు తొలగింది అంటాను. రాయడం కొలవాలంటే దానికి వేరే ప్రశ్న ఉంది, అక్కడ కొలవండి.

ఇంతకన్నా పాత మాట ఒకటుంది. ఢాకాలో టీచర్ ట్రైనింగ్ కాలేజీ నడిపిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ చదువుల మీద రాసిన పుస్తకంలో, అక్కడి విద్యార్థికి ఇంగ్లిష్‌తో ముందుగా పడే అవసరం చదవడమేనని వాదించాడు. తెల్లదొరల కాలం నాటి మాట అని కొట్టిపారేయడానికి లేదు. మా హోంగార్డు జీవితంలో ఇంగ్లిష్ ఉపన్యాసం ఇవ్వాల్సిన రోజు రాకపోవచ్చు. ఇంటి లోను కాగితం మాత్రం వచ్చి తీరుతుంది. పరీక్షల తయారీ శాస్త్రం తెలియక కాదు మనకీ తిప్పలు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధన కోసం 1958లోనే కేంద్ర సంస్థ పెట్టారు, నేటి ఇఫ్లూ అదే. తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. మామూలుగా జరిగేది వేరు. పాత పేపర్లో తేదీ మార్చి కొత్త పేపరు అవుతుంది. పరీక్ష అయ్యాక ఏ ప్రశ్నకి ఎందరు సరిగ్గా రాశారు, బాగా చదివినవాళ్లు తప్పి చదవనివాళ్లు ఒప్పుగా రాసిన ప్రశ్న ఏదైనా ఉందా అని చూసేవాళ్లు ఉండరు. జవాబు పత్రాలు మూటలు కట్టి గదిలో పడేస్తారు. నిజానికి తర్వాతి పేపరు బాగుచేసుకునే సరుకంతా ఆ మూటల్లోనే ఉంది.

నలభై దాటిన కళ్లకి పేపరు అక్షరాలు ఎంత సన్నగా ఉంటాయో కూడా ఎవరూ పట్టించుకోరు. సైజు పెంచండి, ఒక కాగితం ఎక్కువ పడుతుంది, అంతే.

పాఠకులకి ఒక విన్నపం. ఇంటికి ఇంగ్లిష్‌లో వచ్చి మిమ్మల్ని తికమక పెట్టిన కాగితం ఏదైనా ఉంటే, బ్యాంకుదో, ఆస్పత్రిదో, కరెంటు ఆఫీసుదో, పిల్లల స్కూలుదో, పేర్లూ నంబర్లూ కొట్టేసి నకలు ఈ పత్రిక ఆఫీసుకి పంపండి. ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో కింద గీత గీయండి. వచ్చే పేపర్లకి నాకు ప్యాసేజిలు కావాలి.