జడ ముందా, ముఖం ముందా?

మొన్న మొగల్రాజపురంలో గృహప్రవేశానికి వెళ్లాను. అంగోలాలో ఉద్యోగం చేసొచ్చిన మా మిత్రుడి కొడుకు హాల్లో కొండపల్లి అంబారీ ఏనుగు పైన ఒక చెక్క ముఖం తగిలించాడు. "కొత్తింట్లో దిష్టిబొమ్మేంటయ్యా?" అన్నాడు పంక్తిలో ఒకాయన. నాకు చిర్రెత్తింది. ఆటకి చెక్కినవి గోడెక్కితే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పైగా వాటికి ఈ పేరొకటా!

"ప్వో అంటారు బాబాయ్. చోక్వే జాతి మూలపుటమ్మ" అంటూ అబ్బాయి దించి చేతికిచ్చాడు. అరమోడ్పు కళ్లు, వాటి కింద కన్నీటి చారల్లాంటి గాట్లు, నుదుట సిలువలాంటి గుర్తు, నారతో అల్లిన జడలు. కొడుకులు ముకాండ దీక్షకి ఊరు విడిచి వెళ్తే తల్లికి కలిగే దుఃఖమే ఆ చారలని కొందరి వ్యాఖ్యానం. శిల్పి తనకి నచ్చిన ఒక నిజం ఆడమనిషిని చూసి చెక్కేవాడు. తొడుక్కుని ఆడేది మాత్రం మగాడు. అతను శిల్పికి లోహపు ఉంగరం కన్యాశుల్కంగా ఇచ్చుకునేవాడట. గిరీశం వింటే ఎంత లెక్చరు దంచేవాడో!

మగాడికి ఆడవేషం అనగానే మనకి కూచిపూడే. ఆ ఊరి కళాకారుల ఇళ్లలో పుట్టిన మగపిల్లాడు జన్మలో ఒక్కసారైనా సత్యభామ కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పేరిట నడిచిన నియమం. వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నగలు తేలిగ్గా ఉండాలని బూరుగు కర్రతో చేసేవారు. ముఖం ఒక్కటీ చెక్కలేదు, అభినయానికి వదిలేశారు. అదే మన గొప్పని ఇన్నేళ్లుగా ఊదరగొడుతున్నాను.

అయితే భామ ప్రవేశం ఎలా ఉంటుంది? ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు కనిపించేది ముఖం కాదు, తెర మీంచి ఇవతలికి పడ్డ జడ. నన్ను మించి ఆడగలిగితే దీన్ని కోసుకోండన్న సవాలది. తెర దిగకముందే వేషం కట్టినవాడు మాయమై సత్యభామ వచ్చేస్తుంది. ప్వో చేసే పనీ అదే. కళ్లూ కనుబొమలూ ఆ తర్వాతి సంగతి. మనకి చెక్క ముఖం లేదన్న మాట సగమే నిజం. మనం దాన్ని జడగా అల్లి వీపున వేలాడదీశాం.

కాబట్టి సభలు నడిపేవాళ్లకి ఒక విన్నపం. టైం లేదని భామాకలాపంలో తెర ఎత్తేయకండి. మరీ అవసరమైతే రెండు శాలువాలు తగ్గించండి.