హోవర్డు ఆచార్యులు - జనవాణి

విద్యాలయమునకు కీర్తి తెచ్చువారు ఆచార్యులు. బానిసత్వము రద్దయిన కొలది కాలమునకే, 1867లో, అమెరికా రాజధాని వాషింగ్టనులో స్థాపితమైన హోవర్డు విశ్వవిద్యాలయ మిందుకు నిదర్శనము. ఇతర విద్యాలయములు పెక్కు తలుపులు మూసికొన్న కాలమున నల్లజాతి విద్వాంసుల కది ఆశ్రయమయ్యెను. అందలి ఇరువురు ఆచార్యులు జనవాణిని గ్రహించిన తీరు తెలుగువారికిని ఆలోచింపదగినది.

1912లో అచట చేరిన ఆలెన్ లాక్ తత్త్వశాస్త్రాచార్యుడు. 1925లో 'ది న్యూ నీగ్రో' అను సంకలనము వెలువరించి, అందొక వ్యాసమున బానిసలు పాడుకొన్న భక్తిగీతముల ఘనతను నిరూపించెను. అయినను అవి శాస్త్రీయ సంగీతరూపమున వికసింపవలెనని ఆయన ఆశించెను. ఆ దృష్టిలో జనుల పాట పునాది, మేడ వేరు.

స్టెర్లింగ్ బ్రౌన్ మార్గము భిన్నము. 1929 నుండి 1969 వరకు హోవర్డులో బోధించిన ఆయన, అంతకుముందే వర్జీనియాలో సామాన్యుల మాటను, పాటను శ్రద్ధగా వినియుండెను. నల్లజాతి మాండలికము హాస్యమునకు, కరుణమునకు తప్ప చాలదని 1922లో జేమ్స్ వెల్డన్ జాన్సన్ తీర్పు చెప్పెను. 1932లో బ్రౌన్ రచించిన 'సదరన్ రోడ్' అను కవితాసంపుటి వెలువడగా, మెచ్చి పీఠిక వ్రాసినవాడు ఆ జాన్సనే! కూలివాని పలుకు ధైర్యమును, వ్యంగ్యమును, జీవితవిచారమును మోయగలదని ఆ సంపుటి ఋజువు చేసెను. కొరత భాషది కాదు, వాడినవారిది.

తెలుగున దీనికి సమీపమైన కృషి మైసూరులో జరిగెను. అచటి మహారాజా కళాశాలలో 1912 నుండి తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, 1929లో వెలువడిన 'వేమన' గ్రంథమున, జనుల నాలుకపై నిలిచిన కవిని పండితవిచారమునకు పాత్రుని చేసిరి. శర్మగారి వచనము మాత్రము గ్రాంథికమే. బ్రౌన్ మరియొక అడుగు వేసి, జనుల పలుకుననే కవిత్వము చెప్పెను. మొదటిది విమర్శకుని గౌరవము. రెండవది కవి విశ్వాసము.

దిబ్బూరహళ్ళి, చింతామణి, బాగేపల్లి ప్రాంతముల తెలుగువారి కీ విచారము దూరమైనది కాదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము వారికి అలవాటు. చింతామణి తాలూకాలోని కైవారమున నారాయణతాత రెండు భాషలలోను పాడెను. ఇచటి పలుకును కన్నడము సోకిన అపభ్రంశమని త్రోసిపుచ్చుట జాన్సన్ తొలి తీర్పు వంటిదే. ఆ పాటలను వ్రాసి భద్రపరచుట మొదటి పని. వానికి తగిన కావ్యవిచారము చేయుట ఆచార్యుల పని. అది జరుగనిచో, పాడినవారి బిడ్డలే ఆ పాటకు సిగ్గుపడుదురు.