చిన్న షావుకారు గీసిన గీత

‘పలాస 1978’లో చిన్న షావుకారు మొదటి నుంచీ మన కళ్ల ముందే ఉంటాడు. ముసుగు లేదు, మారుపేరు లేదు, చీకటి గది లేదు. అన్న పెద్ద షావుకారు ఊరిని ఏలుతుంటే ఆ నీడలో ఇమడలేక రగిలిపోతున్న తమ్ముడు. అన్నను దించి ఆ చోట తాను కూర్చోవాలన్నదే అతని కోరిక అనుకుంటాం. కథ ఏళ్లు దాటి, అతనికి వయసు మీదపడేకొద్దీ అది పైపొర మాత్రమేనని తెలుస్తుంది. గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో ముసలి విలన్ మనసులో మాట దాచుకోవడం కొత్త కాదు. దాన్ని రచయిత ఎక్కడ దాచాడన్న దాంట్లోనే పనితనం ఉంటుంది. సినిమా రాసి తీసిన కరుణ కుమార్ దాన్ని చిన్న షావుకారు ఆప్యాయతలో దాచాడు.

సినిమా 2020 మార్చి 6న విడుదలైంది. ఆ నెలలోనే కరోనా వల్ల హాళ్లు మూతపడ్డాయి. చాలామంది తర్వాత ఇంట్లో కూర్చుని చూశారు. రక్షిత్, తిరువీర్ అన్నదమ్ములు మోహనరావు, రంగారావులుగా నటించారు. చిన్న షావుకారు వేషం రఘు కుంచెది, సంగీతమూ ఆయనదే.

పగ, పదవి, కత్తి ఉన్నాయి కాబట్టి ఇది ఎక్కడైనా జరిగే కథ అనిపించవచ్చు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు పెరిగినవాళ్లకు అలా అనిపించదు. ఆ ఊళ్లున్న ఉద్దానంలో జీడితోట రైతుది. పిక్క రాలేది వేసవి నెలల్లోనే, ఇంటి అవసరాలు మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి. పంటకు ముందే అప్పు తెచ్చుకున్నవాడు పంటొచ్చాక గట్టిగా ధర అడగలేడు. ఇవాళ్టికీ అక్కడ పిక్కల ధర 80 కిలోల బస్తా లెక్కనే మాట్లాడుకుంటారు. ఆ బస్తాకు మంచి ధర కావాలని రైతులు రోడ్డెక్కిన సీజన్లు ఉన్నాయి. ఇక ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి, పొట్టు తీసి, గుండ్లూ బద్దలూ వేరుచేసేది ఎక్కువగా ఆడవాళ్లు. పెంకులోని జీడి వాళ్ల చేతులను కాల్చేస్తుంది. అదే పప్పు ఊరు దాటేసరికి తెల్ల బంగారం.

ఇలాంటి చోట షావుకారు తన చేత్తో కత్తి పట్టనక్కర్లేదు. తక్కెడ, అప్పు పద్దు చాలు. కత్తి పట్టడానికి వేరే మనిషి ఉంటాడు. పెద్ద షావుకారుకు బైరాగి అలాంటివాడు. ఆ బైరాగి మోహనరావు, రంగారావుల చేతిలో చచ్చాక, ఏర్పడిన ఖాళీ విలువెంతో అందరికంటే ముందు లెక్కగట్టినవాడు చిన్న షావుకారు. వాళ్ల కోపం ఎందుకొచ్చిందన్నది అతనికి పట్టదు. ఆ కోపం తనకు ఎన్నాళ్లు పనికొస్తుందన్నదే చూస్తాడు. అతని మనసులో జరిగేది వ్యాపారి లెక్కే, కిరాయి హంతకుడి లెక్క కాదు. ఈ తేడాను రచయిత చివరిదాకా చెడనివ్వలేదు. అందుకే ఆ పాత్రను చూస్తుంటే తెలిసిన మనిషిని చూస్తున్నట్టే ఉంటుంది.

మోహనరావు, రంగారావు దళిత వాడ నుంచి వచ్చిన జానపద కళాకారులు. చిన్న షావుకారు వాళ్లను చేరదీస్తాడు. డబ్బు, పలుకుబడి, ఒక పెద్దమనిషి అండ ఇస్తాడు. అంతవరకూ ఊళ్లో ఎవరూ ఇవ్వని గౌరవమే అది. కాబట్టి వాళ్లు నమ్మడంలో అమాయకత్వం ఏమీ లేదు. అతని అభిమానం వట్టి నటన అని కూడా నేను అనుకోను. తనకు పనికొచ్చేవాళ్ల మీద మనిషికి నిజంగానే ప్రేమ పుట్టవచ్చు. కాకపోతే ఆ ప్రేమకు ఒక గీత ఉంది. తన కోసం వాళ్లు ఎంత దూరమైనా వెళ్లొచ్చు. తమ కోసం ఒక్క అడుగు ముందుకేసినా సహించడు. వాళ్లు తమ వంతు అధికారం కోరే దాకా ఎదిగాక, అప్పటిదాకా అతన్ని నడిపించిన అన్నతో వైరం కూడా వెనక్కి జారిపోతుంది. కులం ముందుకొస్తుంది.

నేను ఈ పాత్రను మెచ్చుకునేది ఇక్కడే. ఆ గీత అతని పథకంలో భాగం కాదు. పథకమైతే ఎవరో ఒక అనుచరుడితో చెప్పుకోవాలి, ఏదో ఒక రాత్రి బయటపడాలి. చిన్న షావుకారు దాన్ని ఎవరికీ చెప్పడు. బహుశా తనకు తాను కూడా చెప్పుకొని ఉండడు, ఆ అవసరమే రాలేదు కాబట్టి. పుట్టుకతో వచ్చిన నమ్మకాన్ని ఎవరు మాత్రం రోజూ తలుచుకుంటారు? ఎవరైనా దాన్ని తాకినప్పుడే అది లోపల ఉందని తెలుస్తుంది.

‘ది గాడ్‌ఫాదర్’ (1972)లో బార్జీనీ మరో రకం ముసలి ప్రత్యర్థి. ఐదు కుటుంబాల పెద్దలూ కూర్చుని రాజీపడ్డాక గానీ, అన్నిటి వెనకా ఉన్న చెయ్యి అతనిదని వీటో కార్లియోనికి అర్థం కాదు. అక్కడ దాచినది ‘ఎవరు’ అన్నది. మన ‘రంగస్థలం’ (2018)లో సుకుమార్ ఇంకో మెట్టు దిగాడు. ప్రెసిడెంటు ఫణీంద్ర భూపతి మీదే అందరి కళ్లూ ఉంటాయి. కుమార్‌బాబును చంపించిన అసలు మనిషి మాత్రం పెద్దమనిషిలా కనిపించే నాయకుడు దక్షిణామూర్తి. తన కూతురు తక్కువ కులంవాణ్ణి ప్రేమించిందన్నదే కారణం. కోమాలో ఉన్న ఆయనకు కుమార్‌బాబు తమ్ముడు చిట్టిబాబు చేసిన సేవలన్నిటికీ ఆఖర్లో అర్థం మారిపోతుంది. దక్షిణామూర్తి వేషం వేసిన ప్రకాశ్‌రాజ్ ముఖం మీద సౌమ్యత అంతసేపు నిలబడింది కాబట్టే ఆ మలుపు అంత బలంగా తగిలింది. ఇటీవలి తెలుగు సినిమాల్లో అంత బిగువైన మలుపు నాకు మరొకటి గుర్తురాదు.

‘పలాస’ అంత నున్నగా చెక్కిన సినిమా కాదు. రెండో సగంలో కాలం పెద్ద పెద్ద అంగలు వేస్తుంది, కొందరు మనుషులు నిలదొక్కుకోకుండానే దాటిపోతారు. అయినా చిన్న షావుకారు విషయంలో కరుణ కుమార్ ఎంచుకున్న దారి మరింత కష్టమైనదని నా అభిప్రాయం. ఇక్కడ దక్షిణామూర్తి రహస్యం లాంటిది బయటపడదు. తెర మీదకు కొత్త సమాచారం ఏదీ రాదు. చూస్తున్న మనకు ఆ సంగతి ముందే తెలుసు, ఆ అన్నదమ్ములకూ ఎక్కడో తెలుసు. తెలిసీ, ఈ ఒక్క మనిషి వేరేమో అని ఆశపడతాం. మలుపు సాయం లేకుండా ఆ ఆశను నిలబెట్టి, మెల్లగా విరిచెయ్యడం మామూలు రచన కాదు.

దీనికి రఘు కుంచె గొంతు ఎంతో సాయపడింది. అప్పటిదాకా ఆయన మనకు గాయకుడు, సంగీత దర్శకుడు, టీవీ వ్యాఖ్యాత. మాటను ఎక్కడ ఆపాలో, ఎక్కడ మెత్తగా వదలాలో పాట నేర్చుకున్నవాడికి తెలుస్తుంది. ఆ నేర్పుతోనే ఉత్తరాంధ్ర యాసను కత్తిలా విసరకుండా ఇంటి మాటలా పలికాడు. ఈ సినిమా నుంచి ఊరూరా పాకిన ‘నక్కిలీసు గొలుసు’ జానపదాన్ని పాడింది కూడా ఆయనే. పెళ్లిళ్లలో, ఫోన్లలో ఆ పాటకు అడుగులేసిన చాలామందికి అది ఏ కథలోదో తెలియదు. అన్నదమ్ముల ఆట వెనక వినిపించే గొంతు, వాళ్లను వాడుకునే మనిషి గొంతు ఒక్కటే కావడం తెర బయటి సంగతే. నా మనసులో మాత్రం అది పాత్రకు అతుక్కుపోయింది.

విలన్ ఎదుట కళాకారులనే ఎందుకు నిలబెట్టారన్నది కూడా ఆలోచించదగ్గ విషయం. 1978 నాటికి శ్రీకాకుళ ఉద్యమం అణిగి ఎన్నో ఏళ్లు కాలేదు. ఉద్యమంలో పేరు మోగిన బొడ్డపాడు పలాసకు దగ్గరే. జముకుల కథతో జనాన్ని కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ కాలాన్ని కళ్లారా చూసిన షావుకార్లకు, ఇక్కడ పాట పాడేవాడు ఒట్టి వినోదం పంచేవాడు కాదని బాగా తెలుసు. చిన్న షావుకారు మోహనరావు, రంగారావులను దగ్గరకు తీసినప్పుడు బలంతో పాటు ఆ గొంతులు కూడా తన వాకిట్లోనే ఉండాలన్న జాగ్రత్త ఉందని నాకు అనిపిస్తుంది. సినిమా ఈ మాట ఎక్కడా అనదు. నేను అలా చదువుకున్నాను.

అతను ముసలివాడు కావడం కథకు ఎందుకు అవసరమో చూడండి. వయసులో ఉన్నప్పుడు అతని ప్రతి పనికీ ఒక సాకు దొరుకుతుంది. అన్న తొక్కేస్తున్నాడు, వ్యాపారం పెరగాలి, ఎన్నిక గెలవాలి. ముసలితనానికి ఆ సాకులన్నీ తీరిపోతాయి. అన్నతో పోటీకి అర్థం మిగలదు, డబ్బుకూ లోటుండదు. అయినా గీత దగ్గర మాత్రం అంతే పట్టుదలగా నిలబడతాడు. మామూలుగా మన సినిమాలు ముసలి విలన్‌కు జబ్బో, పశ్చాత్తాపమో అంటగట్టి కాస్త మెత్తబరుస్తాయి. ఇక్కడ వయసు అతని మీద ఉన్న సాకులను ఒక్కొక్కటే ఒలిచేస్తుంది. ముగింపు చెప్పను, చూడనివాళ్లు చూడాలి.

మరుసటి ఏడాది, 2021లో, ‘శ్రీదేవి సోడా సెంటర్’ తీసినప్పుడు కరుణ కుమార్ అదే గీతను కోనసీమలో ఒక సోడా దుకాణం యజమాని ఇంట్లోకి తీసుకెళ్లాడు. నరేశ్ వేసిన ఆ తండ్రికి కూతురంటే ప్రాణం. ఊళ్లో రౌడీ వేరే ఉన్నాడు, మన అనుమానమంతా అటే పోతుంది. ఆమెను చంపినది తండ్రే అని చివర్లో బయటపడుతుంది. అక్కడ దర్శకుడు ‘రంగస్థలం’ దారిలోనే మలుపును నమ్ముకున్నాడు, నరేశ్ నటన దాన్ని నిలబెట్టింది. ఇద్దరు ముసలివాళ్లనూ ఒకరి తర్వాత ఒకరిగా చూస్తే, కూతురి విషయంలో ఆ తండ్రి గీసుకున్న గీతా, మోహనరావు విషయంలో షావుకారు గీసిన గీతా ఒకే చేతి రాతలా కనిపిస్తాయి. పాత్రగా మాత్రం నేను షావుకారుకే ఓటేస్తాను. అతని దగ్గర రచయిత మన నుంచి ఏమీ దాచలేదు, అయినా మోసపోయాం.