ఒంటితోనే పోయే కళ

జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కోయల గోత్ర కథలను వాళ్ల కథకులైన డోలీలు పడిగెలనే బొమ్మల గుడ్డల మీద తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. ఇదే నేల మీద బతికిన పచ్చబొట్టుకు మాత్రం అలాంటి ఆసరా లేదు. మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి పల్లెల్లో, జనగామ వాడకట్టుల్లో పెద్ద వయసు ఆడవాళ్ల చుబుకాల మీద, ముంజేతుల మీద అదింకా కనిపిస్తుంది. వాళ్లతోపాటే మట్టిలో కలిసిపోతుంది. అందుకే దాన్ని ఇప్పుడే భద్రపరచుకోవాలి. ఆ ఒంటికి సొంతదారైన మనిషి మాటతో సహా భద్రపరచుకోవాలి.

సూది, మసి, పాట

పచ్చబొట్టు పొడవడం చాలాకాలం ఎరుకల ఆడవాళ్ల వృత్తి. ఊరూరా తిరుగుతూ ఒక వాకిట్లో సోది చెప్పేవారు, ఇంకో వాకిట్లో సూది పట్టేవారు. కూలి కింద గింజలో, పాత చీరో పుచ్చుకునేవారు.

మసి తయారుచేయడంలోనే సగం విద్య ఉంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ వందేళ్లకు పైగా కిందటే ఆ పద్ధతిని రాసిపెట్టాడు. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, పలచటి గుడ్డలో పెట్టి వత్తి చేస్తారు. ఆముదం పోసిన దీపంలో ఆ వత్తిని వెలిగించి, పైన కొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపలి అంచుకు పట్టిన మసిని గీకి, చనుబాలతోనో నీళ్లతోనో కలుపుతారు. ముందు పుల్లతో బొమ్మ గీస్తారు. దారంతో కట్టిన సూదులతో ఆ గీత వెంట పొడుస్తారు. పిల్ల నొప్పి మరిచిపోవడానికి పాట పాడతారు. చివర్లో పసుపు పూస్తారు.

సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు దిగాలి. పైచర్మం వారాల్లోనే రాలిపోయి కొత్తది వస్తుంది కాబట్టి, దానికింది పొరను అందుకోని మసి నిలవదు. లోతు మరీ ఎక్కువైతే గీత చెదిరి మచ్చ పడుతుంది. కింది పొరకు చేరిన మసి రేణువులను రక్షక కణాలు మింగి పట్టి ఉంచుతాయి. అవి చనిపోతే వదిలిన రేణువులను కొత్త కణాలు అందుకుంటాయని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో చూపారు. నల్లటి మసి పచ్చగా, నీలంగా కనిపించడానికి కారణం వెలుతురే. దాని మీదున్న చర్మం నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లుతుంది. కొలత పరికరమేదీ లేకుండా చేతివాటంతోనే సరైన లోతు పట్టుకున్న ఆ ఆడవాళ్లది నిక్కమైన నైపుణ్యం.

వెంట వచ్చే సొమ్ము

లంబాడా ఆడవాళ్లకు ముక్కు పక్కన, చుబుకం మీద, చేతుల మీద చుక్కలుంటాయి. మోచేతి పైదాకా తొడిగే బలియలతో, జుట్టుకు వేలాడే ఘుగ్రీలతో కలిసి అవి మనిషిని చూడగానే ఆమె ఎవరి బిడ్డో చెబుతాయి. మిగతా కులాల్లో తేలు, చేప, తులసికోట, పెనిమిటి పేరు ఎక్కువ. కీళ్లనొప్పి ఉన్నచోట పొడిపించుకునే అలవాటు కూడా దక్షిణాదిలో పాతదే. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన అయిదు వేల ఏళ్ల నాటి మనిషి ఒంటిమీద 61 గుర్తులున్నాయి. వాటిలో చాలామటుకు కీళ్ల దగ్గర, నడుము దగ్గరే కనిపించడంతో, అవీ వైద్యం కోసమేనని పలువురు పరిశోధకులు అనుకుంటున్నారు.

బంగారం ఇక్కడే ఉండిపోతుంది, పచ్చబొట్టొక్కటే మనతో వస్తుందని పెద్దలు చెబుతారు. ఆ మాట వెనక పేదరాలి ఆత్మగౌరవం ఉంది. అప్పులవాడు జప్తు చేయలేని సొమ్ము ఆమెకు అదొక్కటే.

చూసి రాసినవాళ్లు, చెప్పనివ్వనివాళ్లు

ఈ గుర్తుల సంగతి మనకు ఎక్కువగా పాలకుల పుస్తకాల్లోనే మిగిలింది. థర్‌స్టన్, కె.రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలు తెచ్చారు. నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం 1920లో వచ్చింది. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ తెలంగాణ అడవుల్లో తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోవాస్ విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉన్నాయి. వీటి విలువను కాదనలేం. కానీ థర్‌స్టన్ మనుషుల ముక్కులనూ తలలనూ కొలపరికరాలతో కొలిచిన అధికారి. సూది గుచ్చిందెవరో, ఆ బొమ్మను ఎంచుకున్నదెవరో ఆయన కొలతల్లో దొరకదు. ఖైదీల నుదుట నేరాన్ని పొడిపించే శిక్షను బ్రిటిష్ పాలన 1849 దాకా సాగించింది. తర్వాత 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించి, పచ్చబొట్టు పొడిచే ఎరుకల మీదే నేరస్థుల ముద్ర వేసింది. 1952 నాటికి అలాంటి చట్టాలు దేశమంతటా రద్దయ్యాయి.

ఇందుకు భిన్నమైన దారి పడమటి దేశాల్లో కనిపిస్తుంది. పచ్చబొట్లు, చెవి రంధ్రాలు సాగదీయడం, చర్మానికి కొక్కేలు గుచ్చుకుని వేలాడటం లాంటి తీవ్రమైన దేహమార్పులను అక్కడ 1980ల్లో ఒక సంస్కృతిగా చూడటం మొదలైంది. అలా ఒంటిని మార్చుకున్నవాళ్లలో పెద్దగా పేరొందిన అమెరికన్ ఫకీర్ ముసాఫర్ మన కావడి వ్రతాల నుంచీ ప్రేరణ పొందాడు. 1994లో కెనడాకు చెందిన షానన్ లారట్, తమ ఒంటిని మార్చుకున్నవాళ్లు తామే రాసిన అనుభవాలను, పంపిన ఫొటోలను ఇంటర్నెట్‌లో పోగుచేయడం మొదలుపెట్టాడు. మనం తీసుకోవలసింది ఆ పద్ధతిని. అక్కడ ఒళ్లు ఎవరిదో మాట కూడా వారిదే.

ఇక మనం చేయాల్సింది

జాతరల్లో ఇప్పుడు బ్యాటరీ మిషన్లు వచ్చాయి. ఒకరికి వాడిన సూదినే మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉంది. కొత్త సూదిని కళ్లముందు విప్పమని అడగడం ప్రతి ఒక్కరి హక్కు. మరోపక్క, ఆచారంగా పచ్చబొట్లున్న గిరిజన యువకులకు సైనిక నియామకాల్లో మినహాయింపు ఉంది. తండా కుర్రాడు తన గుర్తును చూసి సిగ్గుపడక్కర్లేదు.

ఇక ఈ పచ్చబొట్ల నమోదు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఊరి బడిలో చదివే పిల్లలే తమ నానమ్మల చేతుల మీది బొమ్మలను పలచటి కాగితం మీద గీసుకోవచ్చు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయొచ్చు. ఎవరు పొడిచారు, ఎన్నో ఏట, ఏమిచ్చారు, ఏ పాట పాడారు అన్నవి లంబాడాల గోర్‌బోలీలో, కోయ భాషలో గొంతుతోనే రికార్డు చేసి, తెలుగు లిపిలో రాసిపెట్టొచ్చు. ముఖం చూపాలా, పేరు వేయాలా అన్నది ఆ నానమ్మే చెప్పాలి. ఒక ప్రతి ఆ ఇంట్లో, ఒకటి పంచాయతీలో, ఇంకొకటి హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియంలో ఉండాలి. లండన్ వెళ్లి చూసుకోవలసిన అవసరం మన పిల్లలకు రాకూడదు. ఈ జిల్లాల ఉపాధ్యాయులు, పంచాయతీలు పూనుకుంటే వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. చెప్పడానికి ఆ పెద్దమ్మలు ఇంకా మన మధ్యే ఉన్నారు.