చీకటికో ఫొటో, వెలుగుకో ఫొటో

కిటికీ పక్కన కూర్చున్న మనిషిని ఫొటో తీస్తే రెండింట్లో ఒకటే దక్కుతుంది. ముఖం తెలిసేలా తీస్తే కిటికీ ఉత్త తెల్లగా మిగులుతుంది. బయటి చెట్టు తెలిసేలా తీస్తే మనిషి నల్లబడిపోతాడు. రెండూ కావాలంటే కెమెరా కదపకుండా వెలుతురు ఎక్కువ పట్టేలా ఒకటి, తక్కువ పట్టేలా ఒకటి తీసి కలపాలి. ఈ పని ఇప్పుడు ఫోన్లే చేసేస్తున్నాయి. అందులో ఎంత పనితనం దాగుందో తెలియాలంటే మాత్రం 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో చూపించిన చర్చి ఫొటోను చూడాలి. మాలిక్ ఐఐటీ కాన్పూర్‌లో చదివి బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైనవారు. డెబెవెక్ అక్కడ ఆయన దగ్గరే పరిశోధన చేశారు.

అది కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ మెమోరియల్ చర్చి లోపలి భాగం. రంగుటద్దాల కిటికీలు, మెరిసే మొజాయిక్‌లు, మూలల్లో దట్టమైన నీడ. కుడివైపు చివరి కిటికీకి సరిగ్గా వెనకే సూర్యుడు. కెమెరాకు ఇంతకన్నా గట్టి పరీక్ష పెట్టే గది అరుదు. వాళ్లు 16 ఫొటోలు తీశారు. ఒక కొసన షట్టర్ 30 సెకన్లు తెరిచి ఉంచారు, మరో కొసన సెకనులో వెయ్యో వంతు. మధ్యలో ప్రతి మెట్టుకూ వెలుతురు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. మొదటిదానికీ చివరిదానికీ తేడా 30,000 రెట్లు. లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, మాత్రం ముట్టుకోలేదు. దాన్ని మారిస్తే ఫోకస్ లోతు మారుతుంది, ఫొటో అంచుల్లో నలుపు మారుతుంది, అప్పుడు ఆ 16 ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు.

అసలు ప్రజ్ఞ ఆ తర్వాతి మెట్టులో ఉంది. ఫిల్ము మీద రెట్టింపు వెలుతురు పడితే ఫొటోలో రెట్టింపు తెలుపు రాదు. నీడల్లోనూ వెలుగుల్లోనూ ఫిల్ము మందగిస్తుంది. ఆ మందగింపు ఎంతో తెలియకుండా ఫొటోలను కలిపితే లెక్క తప్పుతుంది. దాన్ని కొలవడానికి వాళ్లు వేరే పరికరం తేలేదు, ఆ ఫొటోలనే అడిగారు. గోడ మీది ఒకే చుక్క 16 ఫొటోల్లో ఎంతెంత తెల్లబడిందో చూశారు. చుక్క అదే, దాని మీద పడే వెలుతురూ అదే, మారింది షట్టర్ సమయం ఒక్కటే. కాబట్టి ఆ అంకెల నుంచి ఫిల్ము స్వభావమే బయటపడుతుంది. ఇలాంటి చుక్కలు కొన్ని పదులుంటే చాలు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నిజం రాబట్టడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక కలపడం. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 255 అనుకుంటే, ఏ ఫొటో అయినా ఈ రెండు కొసల దగ్గర నమ్మదగింది కాదు. అందుకే మధ్యలో ఉన్న విలువకు ఎక్కువ బరువిచ్చారు, కొసలకు పోయేకొద్దీ ఆ బరువు తగ్గించి సున్నా చేశారు. మూల చీకటి గురించి 30 సెకన్ల ఫొటో మాట చెల్లుతుంది, సూర్యుడున్న కిటికీ గురించి వెయ్యో వంతు ఫొటో మాట చెల్లుతుంది. అచ్చయిన ఆ 16 ఫొటోల్లో కొన్నింటి అంచుల్లో నీలం చారలు కనిపిస్తాయి. ఫొటోలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చేటప్పుడు ఏర్పడినవవి. వాటిని కత్తిరించకుండా ఉంచి, ఎందుకు వచ్చాయో ఫొటోల కిందే రాశారు. ఆ నిజాయితీ కూడా పనితనంలో భాగమే.

2007లో టామ్ మెర్టెన్స్, యాన్ కౌట్జ్, ఫ్రాంక్ వాన్ రీత్ అనే పరిశోధకులు ఇంకో దారి చూపించారు. వెలుతురు లెక్కలన్నీ వదిలేసి, ప్రతి చోటా ఏ ఫొటోలో వివరం, రంగు, వెలుగు బాగున్నాయో దానికే ఎక్కువ వాటా ఇచ్చారు. నేరుగా కలిపితే అతుకులు కనబడతాయి. అందుకని ఫొటోను చిన్న వివరాల నుంచి పెద్ద వెలుగునీడల దాకా పొరలుగా విడదీశారు. గోడంతా పరుచుకున్న వెలుగును విశాలంగా, కర్టెను నేతను ఇరుకుగా కలిపారు. అతుకు ఎక్కడా కంటికి దొరకదు.

ఈ లెక్కలేవీ లేకుండా, కంప్యూటర్‌లో బ్రష్ తిప్పుతూ చేత్తో కలిపేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పనిలో నేను మొదట చూసేది కిటికీ చట్రం. అక్కడ బూడిదరంగు అంచు కనిపిస్తే బ్రష్ తొందరపడిందన్నమాట. రెండోది నిగ్రహం. బయటి ఎండ గదిలోని గోడకన్నా ప్రకాశంగానే ఉండాలి. రెండూ సమానం చేస్తే గదిలోకి వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియదు, కిటికీ గోడకు అంటించిన పోస్టర్‌లా ఉంటుంది. బల్బు పసుపునూ పగటి నీలాన్నీ ఒకే తెలుపు చేసేయడమూ ఇలాంటి పొరపాటే. మంచి పనివాళ్లు ఆ తేడాను కొంత తగ్గించి, కొంత ఉంచుతారు. నున్నటి గచ్చు మీద కిటికీ ప్రతిబింబం పడి ఉంటే దాన్నీ మరిచిపోరు. పైన కిటికీ వెలుగు తగ్గించినప్పుడు, కింద ఆ ప్రతిబింబాన్నీ తగ్గిస్తారు.